గ్రే క్యాప్ ట్యూబ్‌లో తీసినా ఫాస్టింగ్ షుగర్ తగ్గి వస్తోంది: ఎనొలేజ్ ఆగినట్టా, ఆగనట్టా?

కలెక్షన్_సిద్దిపేట
పొద్దున 6:30 నుంచి 8 దాకా శాంపిళ్లు తీస్తున్నం. అన్నీ గ్రే క్యాప్ ఉన్న 2 మి.లీ ఫ్లోరైడ్-ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండ ఆపేది) ట్యూబులే. 8:15కి బండి బయల్దేరుతది, 9:15కి మెయిన్ ల్యాబ్, అక్కడ స్పిన్ (కణాలు వేరుపడేటట్టు తిప్పుడు) అయ్యేసరికి 9:45. షుగర్ కొలిచేది జీఓడీ-పీఓడీ అనే ఎంజైమ్ పద్ధతి. కంట్రోల్స్ (మెషిన్‌ని పరీక్షించే, విలువ ముందే తెలిసిన శాంపిళ్లు) రెండు లెవెళ్లూ రేంజ్‌లోనే ఉన్నయి. కానీ ఫాస్టింగ్ రిపోర్ట్ ఎప్పుడు చూసినా, తీసినప్పుడు వేలి నుంచి చూసిన గ్లూకోమీటర్ రీడింగ్ కంటే 8-12 తక్కువ. అక్కడ 118 అంటే ఇక్కడ 107. ఫ్లోరైడ్ వేస్తే ఎనొలేజ్ (కణంల షుగర్‌ని కరిగించే ఎంజైముల్ల ఒకటి) ఆగిపోతది, షుగర్ కరగదు అనే కదా చదువుకున్నం. మరి ఎటు పోతున్నది ఆ షుగర్?

సెంట్రిఫ్యూజ్3000
ముందు గ్లూకోమీటర్ని అనుమానించండి. గ్లూకోమీటర్ల ప్రమాణం ఐఎస్ఓ 15197 ప్రకారం 100 పైన ±15 శాతం తేడా రావచ్చు. 118కి 101 వచ్చినా మీటర్ పాసే. 11 పాయింట్ల తేడాతో ల్యాబ్‌ని తప్పు పట్టలేం.

కలెక్షన్_సిద్దిపేట
ఒకటి రెండు రీడింగులైతే నేనూ గట్లనే అనుకుందును. మీటర్ తప్పయితే ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ రావాలె కదన్నా. ఇక్కడ ప్రతిసారీ ల్యాబ్ వైపే తక్కువ.

సెంట్రిఫ్యూజ్3000
అన్నీ ఒకే వైపు అంటే మాత్రం ఆలోచించాల్సిందే. మీటర్ స్ట్రిప్ లాట్ కూడా ఒకే వైపు లాగుతుంది, అదొక్కటి మర్చిపోకండి. ఇంకో లాట్ స్ట్రిప్‌తో నాలుగు చూడండి.

బయోకెమ్_వైజాగ్
స్ట్రిప్ లాట్ చూడటం మంచిదే. కానీ మీరు రాసిన టైమింగులు చూస్తే కారణం ట్యూబ్‌లోనే కనబడుతోందండి. ఎనొలేజ్ ఆగుతుంది, అది నిజం. ఎనొలేజ్ ఆగితే గ్లూకోజ్ వాడకం కూడా ఆగుతుంది అన్నది మాత్రం నిజం కాదు. ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు.

గ్లైకోలిసిస్‌లో, అంటే కణం గ్లూకోజ్‌ని విరగ్గొట్టే క్రమంలో, పది మెట్లు. ఎనొలేజ్ తొమ్మిదో మెట్టు: 2-ఫాస్ఫోగ్లిసరేట్ నుంచి ఒక నీటి అణువు తీసేసి ఫాస్ఫోఈనాల్‌పైరువేట్ చేస్తుంది. గ్లూకోజ్‌ని పట్టుకునేది మొదటి మెట్టులో హెక్సోకైనేజ్. అంటే ఫ్లోరైడ్ మూసింది కాలవ చివర తూము. పైన తూము తెరిచే ఉంది. కాలవ నిండేదాకా నీళ్లు లోపలికి వస్తూనే ఉంటాయి.

ఎంతసేపు వస్తాయి అన్నది ఏటీపీ (కణం ఖర్చుపెట్టే శక్తి అణువు) మీద ఉంటుంది. ఒక గ్లూకోజ్‌కి హెక్సోకైనేజ్ ఒక ఏటీపీ, మూడో మెట్టులో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ ఒక ఏటీపీ తింటాయి. ఏడో మెట్టులో రెండు తిరిగొస్తాయి. పదో మెట్టులో రావాల్సిన రెండూ ఎనొలేజ్ మూతపడటం వల్ల రావు. అంటే లాభం సున్నా. పైగా ఎర్రకణంలో కొంత సరుకు 2,3-బీపీజీ అనే అణువు తయారయ్యే పక్కదారి పడుతుంది, ఆ దారిన పోయిన దానికి ఏడో మెట్టు ఏటీపీ కూడా దక్కదు. కొత్త పైరువేట్ లేక లాక్టేట్ తయారుకాదు, దాంతో ఆరో మెట్టుకి కావాల్సిన ఎన్ఏడీ అనే సహాయక అణువు తిరిగిరాదు, ఆ మెట్టు కూడా మెల్లగా మొరాయిస్తుంది. మరోవైపు సోడియం-పొటాషియం పంపు ఏటీపీని ఖర్చు చేస్తూనే ఉంటుంది. ఇలా కణంలో ఏటీపీ అడుగంటితే అప్పుడు హెక్సోకైనేజ్ ఆగుతుంది. దీనికి గంట నుంచి రెండు గంటలు, కొన్ని శాంపిళ్లలో నాలుగు గంటల దాకా పడుతుంది.

అందుకే మొదటి గంటలో ఫ్లోరైడ్ ఉన్న ట్యూబ్‌కీ లేని ట్యూబ్‌కీ షుగర్ తగ్గడంలో దాదాపు తేడా ఉండదు. గది వేడిమిలో గంటకు 5-7 శాతం పోతుంది. నాలుగు గంటల తర్వాత మాత్రం ఫ్లోరైడ్ ట్యూబ్ నిలబడుతుంది, మామూలు ట్యూబ్ పడిపోతూనే ఉంటుంది. మీ 8-12 సరిగ్గా ఆ మొదటి రెండు మూడు గంటల నష్టమే.

ఖమ్మం_డీఎంఎల్‌టీ
ట్యూబ్‌తో వచ్చే కాగితంలో ఫ్లోరైడ్ ప్లాస్మాలో గ్లూకోజ్ 24 గంటలు స్థిరం అని ఉంటుంది. అది అబద్ధమంటారా మేడమ్?

బయోకెమ్_వైజాగ్
అబద్ధం కాదండి. పడాల్సినంత పడ్డాక స్థిరం. 118 ఉన్నది 108కి దిగి, అక్కడ 24 గంటలు కాదు, మూడు రోజులైనా ఉంటుంది. రేపు మళ్లీ చేస్తే అదే 108 వస్తుంది, మనం సరిపోయిందని సంతోషపడతాం. కంట్రోల్ సీరంలో కణాలు ఉండవు కాబట్టి కంట్రోల్స్ ఈ తప్పుని ఎప్పటికీ పట్టుకోలేవు. సిద్దిపేట వాళ్ల కంట్రోల్స్ బాగుండటానికి కారణం అదే.

ఎంజైమ్_రాణి
ఎనొలేజ్ మీద ఫ్లోరైడ్ ఎలా పనిచేస్తుందో కూడా చెప్పాలి, చాలా అందమైన విషయం. ఎనొలేజ్‌కి పనిచేయాలంటే మెగ్నీషియం కావాలి. ఫ్లోరైడ్ ఒంటరిగా వచ్చి కూర్చోదు. కణంలో ఉన్న ఫాస్ఫేట్‌తో, ఆ మెగ్నీషియంతో కలిసి ముగ్గురూ ఒక కట్టగా అసలు సరుకు కూర్చోవాల్సిన చోట కూర్చుంటారు. ఈ ఎంజైమ్‌ని లోమాన్, మేయర్‌హాఫ్ 1934లో గుర్తించారు. 1940ల తొలినాళ్లలో వార్‌బర్గ్, క్రిస్టియన్ దాన్ని ఈస్ట్ నుంచి స్ఫటికంగా తీసి, ఈ ఫ్లోరైడ్-మెగ్నీషియం-ఫాస్ఫేట్ కిటుకు విప్పారు.

ఇంకో సంగతి: గ్రే ట్యూబ్ గ్లూకోజ్‌కి ఆలస్యంగా పనిచేసినా లాక్టేట్‌కి మాత్రం బాగా పనిచేస్తుంది. లాక్టేట్ పుట్టేది ఎనొలేజ్‌కి కింద. కింద తూము మూస్తే కిందికి పోయేది తొందరగానే ఆగుతుంది కదా! ట్యూబ్ అదే, ఎంజైమ్ అదే. లాక్టేట్‌కి కాపలా, గ్లూకోజ్‌కి కాదు. అయినా లాక్టేట్ శాంపిల్‌ని ఐస్‌లో పెట్టడం మానకండి.

కలెక్షన్_సిద్దిపేట
తూము ముచ్చటతోటి మొత్తం అర్థమైంది మేడమ్. ఇన్నేండ్లు పుస్తకంల ఒక్క లైను చదివి వదిలేసినం.

నల్లగొండ_నీళ్లు
ఇక్కడో డౌట్. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగేవాళ్ల ఒంట్లో కూడా ఎనొలేజ్ ఆగుతుందా? వాళ్ల షుగర్ టెస్టు మీద ప్రభావం ఉంటుందా?

ఎంజైమ్_రాణి
మోతాదు లెక్క వేసి చూడండి. ట్యూబ్‌లో 1 మి.లీ రక్తానికి దాదాపు 2.5 మి.గ్రా సోడియం ఫ్లోరైడ్. అందులో ఫ్లోరైడ్ ఒక్కటే తీస్తే లీటరుకి 1,100 మి.గ్రా పైనే. తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకి 1.5 మి.గ్రా. అంటే ట్యూబ్‌లో ఉన్నది ఆ హద్దుకి 750 రెట్లు. పైగా తాగినదంతా రక్తంలో అదే గాఢతలో ఉండదు. ఎముక లాగేసుకుంటుంది, మూత్రంలో పోతుంది. రక్తంలో మిగిలేది మైక్రోమోల్ లెక్కలో, ట్యూబ్‌లో ఉండేది సుమారు 60 మిల్లీమోల్. షుగర్ రిపోర్ట్ మీద దాని ప్రభావం ఉండదు. పళ్లు, ఎముకల మీద ఉంటుంది, అది వేరే జబ్బు, చాలా పెద్ద జబ్బు.

నోట్లో మాత్రం ఇదే ఎంజైమ్ కథ మరోలా నడుస్తుంది. ఫ్లోరైడ్ పేస్టు పంటి మీది స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ ఎనొలేజ్‌ని కూడా అడ్డుకుంటుంది. ఆ బ్యాక్టీరియా చక్కెరని లోపలికి లాక్కోవడానికి వాడేది ఫాస్ఫోఈనాల్‌పైరువేట్‌నే. కాబట్టి దానికి రెండు దెబ్బలు: ఆమ్లం తగ్గుతుంది, తిండీ తగ్గుతుంది.

పాథ్_కర్నూలు
సిద్దిపేట గారికి పని చెప్పే సమాధానం ఇంకా రాలేదు. ఏం చేయాలంటే,

అన్నిటికంటే మంచిది సిట్రేట్ బఫర్ ఉన్న గ్లూకోజ్ ట్యూబ్. అందులో సిట్రిక్ ఆమ్లం, సిట్రేట్, ఫ్లోరైడ్, ఈడీటీఏ కలిసి ఉంటాయి. రక్తం పడగానే పీహెచ్ 6 కిందికి దిగి హెక్సోకైనేజ్, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అప్పటికప్పుడే ఆగిపోతాయి. తర్వాత తీరిగ్గా ఫ్లోరైడ్ పని మొదలవుతుంది. పై తూమూ కింది తూమూ రెండూ మూసినట్టు. పొడి రకంలో 10 సార్లు మెల్లగా తిప్పాలి, నాలుగుసార్లు తిప్పి స్టాండులో పెడితే గింజలు అడుగునే ఉండిపోతాయి, డబ్బులు దండగ. ద్రవం ఉన్న రకంలో గీత దాకా నింపాలి, రిజల్ట్‌ని తయారీదారు ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. సగం నింపితే ఆ గుణకం చెల్లదు.

అది దొరకకపోతే ఐస్ నీళ్లు, ఆపైన 15-30 నిమిషాల్లో స్పిన్, ప్లాస్మా వేరు చేయడం. అమెరికా డయాబెటిస్ ల్యాబ్ మార్గదర్శకాలు 2023లో చెప్పింది ఇదే క్రమం. ఫ్లోరైడ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని అందులో స్పష్టంగా రాశారు.

కలెక్షన్ సెంటర్‌కి నేను చెప్పేది: ఒక చిన్న సెంట్రిఫ్యూజ్ అక్కడే పెట్టండి. జెల్ ఉన్న ట్యూబ్‌లో తీసి, గడ్డకట్టడానికి 30 నిమిషాలు ఇచ్చి, 3000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు తిప్పితే జెల్ అడ్డుగోడలా కూర్చుంటుంది. ఆ తర్వాత బండి ఎంత ఆలస్యమైనా భయం లేదు. అరగంట నష్టం ఉంటుంది, కానీ మూడు గంటల నష్టం కంటే నయం.

ఫ్లెబో_తెనాలి
సిట్రేట్ అంటే మన దగ్గర పీటీ టెస్టుకి (రక్తం గడ్డకట్టే సమయం చూసేది) వాడే బ్లూ క్యాప్ ఉంది కదా సర్, అందులో తీస్తే సరిపోదా?

పాథ్_కర్నూలు
వద్దు. అది 3.2 శాతం ట్రైసోడియం సిట్రేట్, అందులో ఆమ్లం లేదు. పీహెచ్ దిగదు, కాబట్టి హెక్సోకైనేజ్‌కి ఏమీ కాదు. పైగా 9 పాళ్ల రక్తానికి 1 పాలు ద్రవం కలిసి షుగర్ ఇంకా తక్కువ చూపిస్తుంది. పేరు సిట్రేటే, పని వేరు.

క్యూసీ_రిజిస్టర్
తెనాలి గారి ప్రశ్న మంచిదే, ఈ పొరపాటు నిజంగానే జరుగుతుంది.

ఇంకో డౌట్ నేనే అడుగుతా. మెషిన్‌లో హెక్సోకైనేజ్ రీజెంట్ వాడేవాళ్లున్నారు. సిట్రేట్ ప్లాస్మా వేస్తే ఆ హెక్సోకైనేజ్ కూడా ఆగిపోదా?

బయోకెమ్_వైజాగ్
ఆగదండి. రీజెంట్ బఫర్‌లో పడే ప్లాస్మా కొద్ది మైక్రోలీటర్లే. జీఓడీ-పీఓడీలో కూడా 1000 మైక్రోలీటర్ల రీజెంట్‌కి 10 మైక్రోలీటర్లే కదా వేసేది. ఆ కాస్త ఆమ్లం బఫర్‌ని కదిలించలేదు. ఫ్లోరైడ్ సంగతీ అంతే, పైగా అది ఆపేది ఎనొలేజ్‌ని. హెక్సోకైనేజ్ పద్ధతిలో గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ దగ్గర నుంచి జీ6పీడీహెచ్ అనే ఎంజైమ్ అందుకుని ఎన్ఏడీపీహెచ్ చేస్తుంది, 340 నానోమీటర్ల దగ్గర చదువుతాం. తొమ్మిదో మెట్టు దాకా పోయే పనే లేదు.

ప్రసూతి_ల్యాబ్
ఈ నష్టం అందరికంటే ఎక్కువ తగిలేది గర్భిణులకి. 75 గ్రాముల ఓజీటీటీలో (గ్లూకోజ్ తాగించి షుగర్ చూసే పరీక్ష) ఫాస్టింగ్ కటాఫ్ 92, గంటకి 180, రెండు గంటలకి 153. చాలాచోట్ల మూడు ట్యూబులూ స్టాండులో పెట్టి, చివరిది తీశాక కట్టగట్టి ఒకేసారి పంపిస్తారు. 7కి తీసిన ఫాస్టింగ్ ట్యూబ్ 9:30కి స్పిన్ అవుతుంది, 9కి తీసిన ట్యూబ్ కూడా అప్పుడే. అంటే ఫాస్టింగ్ రెండున్నర గంటలు ఎదురుచూసింది, చివరిది అరగంటే. ఏ రీడింగ్‌కి నాలుగైదు పాయింట్లు కూడా ముఖ్యమో అదే అందరికంటే ఎక్కువ కరిగిపోతోంది. 97 ఉన్న ఆవిడకి 90 వస్తే ఆవిడ నార్మల్ అని ఇంటికి వెళ్లిపోతుంది.

దయచేసి ఎవరూ మూడూ కలిపి పంపకండి. తీసింది తీసినట్టు స్పిన్.

ఖమ్మం_డీఎంఎల్‌టీ
ఇది ఎప్పుడూ ఆలోచించలేదు. గర్భిణులకి చేసే డిప్సీ పద్ధతిలో ఒకటే శాంపిల్, 75 గ్రాములు తాగిన రెండు గంటలకి, కటాఫ్ 140. అక్కడ ఈ గొడవ ఉండదు కదా?

ప్రసూతి_ల్యాబ్
కట్టగట్టే గొడవ ఉండదు. ఆలస్యం గొడవ ఉంటుంది. 146 ఉన్నది గంటకి 5 శాతం పోగొట్టుకుంటే 139.

డాక్టర్_అనుమానం
నాకో అభ్యంతరం ఉంది. డయాబెటిస్‌కి ఫాస్టింగ్ 126 అనే కటాఫ్ ఇన్నేళ్లుగా ఫ్లోరైడ్ ట్యూబుల మీదే నడుస్తోంది. ఇప్పుడు సిట్రేట్‌కి మారితే అందరి రీడింగులూ ఒక్కసారిగా నాలుగైదు, పది పెరుగుతాయి. 95 ఉన్నవాళ్లు 102 అయి ప్రీడయాబెటిస్ అనిపించుకుంటారు. రోగం పెరగలేదు, ట్యూబ్ మారింది. ఇది రోగుల్ని భయపెట్టడం కాదా?

పాథ్_కర్నూలు
కటాఫ్ ఒంట్లో ఉన్న షుగర్‌కి సర్, బండి మీద ప్రయాణం చేసొచ్చిన షుగర్‌కి కాదు. సగం ల్యాబులు అరగంటలో స్పిన్ చేస్తూ, సగం నాలుగు గంటలకి చేస్తుంటే ఆ 126కి అర్థమేముంది?

డాక్టర్_అనుమానం
ఆ మాట ఒప్పుకుంటాను. కానీ చెప్పకుండా మారిస్తే గొడవే. మార్చే ముందు డాక్టర్లకి కాగితం రాసి పంపాలి: ఫలానా తేదీ నుంచి ట్యూబ్ మారింది, పాత రిపోర్టుతో పోల్చేటప్పుడు గమనించండి అని. రిపోర్ట్ కింద కూడా ఆ లైన్ ఉండాలి. అనుమానం ఉంటే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది) చూసుకుంటాం, ఈడీటీఏ ట్యూబ్‌లో చేసే దానికి ఈ కరగడంతో పని లేదు.

పాథ్_కర్నూలు
కాగితం విషయం నూటికి నూరు పాళ్లు నిజం.

హెమటో_మూల
తెల్లకణాలు మర్చిపోతున్నారు. లుకేమియా కేసుల్లో కౌంట్ లక్ష దాటితే కణాలు షుగర్‌ని మింగేస్తాయి. రోగి చక్కగా మాట్లాడుతూ ఉంటాడు, రిపోర్ట్‌లో 30 వస్తుంది. ఫ్లోరైడ్ వేశాం కదా అని దాన్ని నమ్మి ఫోన్ చేస్తే వార్డులో అనవసరంగా డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తారు. ఇలాంటి శాంపిల్ వెంటనే స్పిన్ చేయాలి, లేదా మంచం దగ్గరే మీటర్‌తో చూసి పోల్చుకోవాలి. పుట్టిన పిల్లల్లో హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) ఎక్కువ కాబట్టి వాళ్ల శాంపిల్లోనూ తొందరగా పడుతుంది, అసలే వాళ్ల షుగర్ తక్కువ.

సెంట్రిఫ్యూజ్3000
సిద్దిపేట అన్నా, మీ దగ్గర ఉన్న డేటాతోనే ఒకటి చూడొచ్చు. 6:30కి తీసినవాళ్ల తేడా, 8కి తీసినవాళ్ల తేడా విడివిడిగా సగటు కట్టండి. రెండూ దగ్గర దగ్గరగా ఉంటే ఫ్లోరైడ్ తన పని తాను చేస్తోంది, పోయింది తొలి గంటల నష్టమే. 6:30 వాళ్లకి 20 దాకా పడి 8 గంటల వాళ్లకి 10 పడితే ఫ్లోరైడ్ రక్తంలో కలవడం లేదు. అంటే తిప్పడంలో లోపం, లేదా ట్యూబ్ గడువు అయిపోయింది.

ఆ తర్వాత ఒక పరీక్ష. ఒప్పుకున్న ఒకరి దగ్గర ఒకే పోటులో ఆరు ట్యూబులు: మూడు హెపారిన్ గ్రీన్ క్యాప్ (ఫ్లోరైడ్ లేనివి), మూడు గ్రే. హెపారిన్ ముందు తీయండి, గ్రే ఎప్పుడూ ఆఖరున. ఒక జత 10 నిమిషాల లోపు స్పిన్, ఒక జత గంటకి, ఒక జత నాలుగు గంటలకి. ప్లాస్మాలన్నీ వేరు చేసి ఫ్రిజ్‌లో పెట్టి, ఒకే రన్‌లో ఒకే కాలిబ్రేషన్ మీద రెండేసిసార్లు చేయండి. విడివిడి రన్‌లలో చేస్తే మెషిన్ తేడా, ట్యూబ్ తేడా కలిసిపోయి ఏదీ తేలదు. గంట దగ్గర రెండు రంగులూ ఒకేలా పడి, నాలుగు గంటల దగ్గర విడిపోవాలి.

ఖమ్మం_డీఎంఎల్‌టీ
గ్రే ఆఖరున ఎందుకో కూడా చెప్పండి, కొత్తవాళ్లు చదువుతారు.

సెంట్రిఫ్యూజ్3000
సూది ద్వారా ఒక చుక్క వెనక్కి వచ్చి తర్వాతి ట్యూబ్‌లో పడితే చాలు. పొటాషియం ఆక్సలేట్ రకమైతే పొటాషియం పెరిగి కనిపిస్తుంది, కాల్షియం తగ్గుతుంది. సోడియం ఫ్లోరైడ్‌లో సోడియం సరేసరి.

క్యూసీ_రిజిస్టర్
దీనికి తోడు ఇంకో అలవాటు. షుగర్ చేశాక మిగిలిన గ్రే ప్లాస్మాతోనే యూరియా కూడా లాగించేస్తారు. యూరియేజ్ పద్ధతి అయితే ఫ్లోరైడ్ దాన్నీ అడ్డుకుంటుంది, యూరియా తప్పుగా తక్కువ వస్తుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా చేయకండి, ఈడీటీఏ దాని జింక్, మెగ్నీషియం లాగేస్తుంది.

కలెక్షన్_సిద్దిపేట
సగటు కట్టిన. 6:30 వాళ్లది 11, 8 గంటల వాళ్లది 9. అంటే ఫ్లోరైడ్ కలుస్తున్నది, తొలి గంటలల్లనే పోతున్నది. కొత్త లాట్ స్ట్రిప్‌తోటి కూడ తేడా అట్లనే ఉన్నది. సెంట్రిఫ్యూజ్ కోసం ఓనర్ని అడుగుతున్న. అది వచ్చేదాక ఐస్‌బాక్స్‌ల పెట్టి పంపుదామనుకుంటున్న. సరిపోతదా? ఎండాకాలంల 43 డిగ్రీలు ఉంటది మా దగ్గర.

బయోకెమ్_వైజాగ్
బాగా ఉపయోగపడుతుందండి. 25 డిగ్రీల దగ్గర గంటకి 7 పాయింట్లు పోయేది 4 డిగ్రీల దగ్గర 2కి తగ్గుతుంది. మే నెల ఎండలో బండి డిక్కీలో పెడితే 7 కూడా దాటుతుంది. కానీ తీయగానే పెట్టాలి. 8:15కి బండి వచ్చినప్పుడు పెడితే జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

ఫ్లెబో_తెనాలి
ఐస్ ప్యాక్ మీద ఆనించి పెడితే ట్యూబ్‌కి ఒక పక్కే చల్లబడుతుంది. ఐస్ ముక్కల్లో నీళ్లు పోసి, రక్తం మట్టం దాకా మునిగేలా నిలబెట్టండి.

క్యూసీ_రిజిస్టర్
గ్రే ట్యూబులు మాత్రమే పెట్టండి. ఎలక్ట్రోలైట్స్ ట్యూబ్ స్పిన్ చేయకుండా ఐస్‌లో పెడితే సోడియం-పొటాషియం పంపు ఆగి, కణాల్లోంచి పొటాషియం బయటికి వచ్చేస్తుంది.

కలెక్షన్_సిద్దిపేట
సరే, గ్రే ఒక్కటే. రేపటి నుంచి తీసిన టైము కూడ ట్యూబ్ మీద రాస్తం.

ఫ్లెబో_తెనాలి
బాల్‌పెన్‌తో రాయకండి అన్నా, నీళ్లలో చెరిగిపోతుంది. పర్మనెంట్ మార్కర్‌తో రాసి, లేబుల్ మీద పారదర్శక టేపు ఒక చుట్టు వేయండి. బార్‌కోడ్ మీద మాత్రం టేపు ముడతపడకూడదు, స్కానర్ చదవదు.